మానికెడు గింజలూ ఒక ఇంగ్లీషు మాటా

ఒకానొక సంస్థానంలో, దొరల టోపీలు అప్పుడప్పుడే కనబడుతున్న రోజుల్లో, చంద్రభూపతి అనే రాజు ఉండేవాడు. మనసు వెన్నే గానీ, కొత్తదేది కనబడినా నెత్తికెత్తుకునే మనిషి. ఆయన కొలువులో అప్పలభట్టు అనే విదూషకుడు ఉండేవాడు. ఏ వింతయినా దాని మొదలూ చివరా చూస్తేగానీ అతనికి అన్నం సహించేది కాదు.

ఒకసారి విందులో ఒక దొర బూటు రాజుగారి కాలు తొక్కింది. దొర "సారీ" అని, మళ్ళీ భోజనంలో పడ్డాడు. కాలి నొప్పి సంగతి అటుంచి, రాజుగారు ఆ మాటకే మురిసిపోయారు. తల వంచక్కర్లేదు, చేతులు జోడించక్కర్లేదు, రెండక్షరాలతో తప్పు మాఫీ!

ఇక కొలువంతా ఆ మాటే. తీర్పు వాయిదా పడితే సారీ, పండితుడి పద్యం మధ్యలో నిద్రపోతే సారీ.

అప్పలభట్టుకు ఆరాటం పట్టుకుంది. ఇదేం మాట, ఎక్కడెక్కడ వాడతారు? తిన్నగా దొర బసకు వెళ్ళి అరుగుమీద చేరగిలబడి విన్నాడు. ఎదుటివాడి మాట వినబడకపోతే దొర "సారీ?" అన్నాడు. స్నేహితుడి గుర్రం చచ్చిందంటే గొంతు తగ్గించి అదే అన్నాడు. సెలవడిగిన వంటవాడికి కుదరదని చెప్పడానికీ అదే.

"దీని అసాధ్యం కూలా! ఉప్పులాగ అన్ని కూరల్లోనూ పడుతోందే!" అని అప్పలభట్టు ముక్కున వేలేసుకున్నాడు. అయితే ఒకటి గమనించాడు. తన కప్పులోని వేడి టీ వంటవాడి చేతిమీద ఒలికినప్పుడు దొర ఆ మాట అని ఊరుకోలేదు, తన రుమాలు తడిపి తనే కట్టాడు.

ఆ మర్నాడే పైడమ్మ అనే రైతు కొలువుకొచ్చింది. రాజుగారు వేటకు పోతూ అడ్డదారని ఆమె కళ్ళంలోంచి ఏనుగును తోలించారట. నూర్చిన ధాన్యమంతా బురదపాలైంది. ఆ ఇంటికి ఏడాది తిండి అదే.

"సారీ" అన్నారు రాజుగారు, దర్జాగా.

పైడమ్మ అటూ ఇటూ చూసింది. "అంటే ఏటి బాబయ్యా? గింజలిత్తారా?"

"చెప్పాను కదా, అయిపోయింది. వెళ్ళిరా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళుతుంటే అప్పలభట్టు లేచి ముందుకొచ్చాడు. "ప్రభూ, అలాంటిది మన తెలుగువాళ్ళకీ ఉంది. దాని ముందు దొరలది బలాదూరు" అన్నాడు.

"ఎక్కడుందయ్యా? పండితులు ఎంత వెతికినా 'క్షమించండి' లాంటి పుస్తకాల మాటలే తప్ప ఇంట్లో వాడే మాట ఒక్కటీ దొరకలేదు. చూపించావా, కోరింది ఇస్తాను. లేదా, ఏడాదిపాటు కొలువులో నోరెత్తకూడదు!"

నోరు మూసుకోవడమంటే అప్పలభట్టుకు ఉరికన్నా కష్టం. అయినా, "రేపు తమరే చూపిస్తారు ప్రభూ" అన్నాడు.

సాయంత్రం పైడమ్మ కళ్ళానికి వెళ్ళి, బురదలోంచి గింజలు ఏరి, కడిగి, ఒక మానికలో పోసుకొచ్చాడు. మర్నాడు రాజుగారు సింహాసనం ఎక్కాక, దాన్ని ఎవరూ చూడకుండా పాదపీఠం పక్కన పెట్టాడు.

"ఏదయ్యా, చూపించు!" అన్నారు రాజుగారు.

"దొరగారు వస్తున్నారు ప్రభూ!"

రాజుగారు దిగ్గున లేచారు. కాలు తగిలి మానిక బోర్లా పడింది, గింజలు జలజలా ఒలికాయి.

"అయ్యో, లక్ష్మి!" అంటూ రాజుగారు గభాలున వంగారు. గింజలను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నారు. చిన్నప్పుడు తల్లి నేర్పిన అలవాటు, కిరీటం వచ్చినా పోలేదు. అప్పుడు తలెత్తి, "దొర ఏడీ?" అన్నారు.

"రాలేదు ప్రభూ, సారీ" అన్నాడు అప్పలభట్టు. "తమరు ఇప్పుడు చేసిందే, నేను చూపిస్తానన్నది. మనం దాన్ని నోటితో అనం, నడుం వంచి చేత్తో చెబుతాం. నిఘంటువులో వెతికితే ఎలా దొరుకుతుంది?"

సభంతా ఘొల్లుమంది. రాజుగారూ నవ్వబోయారు.

"ఒక్క సందేహం ప్రభూ. ఇవి పైడమ్మ గింజలే. మానికెడు తగిలితే వంగిన నడుం, రాశి తొక్కితే వంగలేదేం?"

"తొక్కింది ఏనుగు కదా?" అన్నారు రాజుగారు, గొంతు తగ్గించి.

"పాపం, అది వంగి కళ్ళకద్దుకోలేదు ప్రభూ. ఆ పని పైన కూర్చున్నవారిదే."

రాజుగారు అరచేతికి అంటుకున్న గింజలకేసి చూశారు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత పకపకా నవ్వి, "గెలిచావయ్యా! కోరుకో!" అన్నారు.

"పైడమ్మ ధాన్యం ఇప్పించండి ప్రభూ."

"అది నేనెలాగూ ఇవ్వాలి. నీకేం కావాలి?"

"తమరు ఇవ్వడం కళ్ళారా చూడాలి."

కోటలోని గాదె తెరిచారు. బస్తాలు ఆ ఏనుగుమీదే ఎక్కించారు. రాజుగారు ముందు నడిచి కళ్ళానికి వెళ్ళారు. వంగి, ఆ నేల తాకి కళ్ళకద్దుకున్నారు.

"అయ్యయ్యో, తమరు వంగీడమేటి బాబయ్యా!" అని పైడమ్మ కంగారుపడింది.

"సారీ" అన్నారు రాజుగారు.

"అంటే ఏటి బాబయ్యా?"

రాజుగారు దిగుతున్న బస్తాలు చూపించి, "ఇదేనమ్మా!" అని నవ్వారు. నవ్వుతూనే తన శాలువా తీసి అప్పలభట్టు భుజాన కప్పారు.