ఉలవచారు మూత ఎత్తిన నత్త

అనగనగా, ఆకాశం ఇంకాస్త కిందుగా ఉండే రోజుల్లో, సూరాంబ అని ఒక రాణిగారు. ఆవిడ పెరట్లో తన చేతుల్తోనే విమానం కట్టుకుంది. దాని రెక్క మీద మూడూళ్ళ వడియాలు ఎండేవి.

కొండ అవతల ఆవిడ కూతురికి వేవిళ్ళు. అమ్మ కాచిన ఉలవచారు తప్ప ఏదీ ఇమడట్లేదని కబురు పెట్టింది. బండి మీద పంపితే చేరేలోగా పాడవుతుంది. విమానమే దిక్కు.

అదేమో కొండ ఎక్కేసరికి ఇంజను కుతకుతలాడి మబ్బులకు చెమటలు పట్టించేది. రాణి ఏడుస్తూ వెనక్కి తిరిగేది. ఇంజను కింద వేడిగాలి పోయే తలుపు ఒకటుంది, కౌల్ ఫ్లాప్ అంటారు. ఎక్కేటప్పుడు అది తెరుచుకోవాలి, తర్వాత మూసుకోవాలి. దాన్ని కదిపే చిన్న మోటారు, సర్వో అంటారు, అది కావాలని రాణి దండోరా వేయించింది.

ముందు ఉడుత వచ్చింది. దాని మోటారు రెప్పపాటులో నూరుసార్లు తిరిగింది. తర్వాత ఎలుగుబంటి. దాని మోటారు మంత్రిగారిని కుర్చీతో సహా ఎత్తింది. చివరికి నత్త.

“నాది నిదానం తల్లీ. తలుపు తెరిచేలోగా మీరు తాంబూలం వేసుకోవచ్చు,” అంది నత్త.

“అత్తా, ఆలోగా బిడ్డ పుట్టి బళ్ళో కూడా చేరుతుంది,” అంది ఉడుత. సభంతా పడీపడీ నవ్వింది.

“ఇంతకీ ఈ మోటారు కూర్చునే చోట వేడెంత?” అని అడిగింది నత్త.

రాణి నాలిక కరుచుకుంది. సభకు ఏది వచ్చినా వింజామరలతో విసరడం ఆ కోట మర్యాద. మోటార్లకూ విసురుతున్నారు! ఇక వేడికి ఏది తట్టుకుంటుందో ఎలా తెలుస్తుంది?

“పదండి వంటింట్లోకి,” అంది.

అక్కడ ఏనుగంత గుండిగలో ఉలవచారు సలసల మరుగుతోంది. మూత ఎత్తమన్నారు. ఉడుత మోటారులోని పళ్ళచక్రాలు ఆవిరికి కరిగి పాకమయ్యాయి. ఎలుగుబంటిది మూత ఎత్తింది గానీ, విమానంలో పెట్టగానే ఆ బరువుకి విమానం ముక్కు నేలకు గుచ్చుకుని తోక ఆకాశానికి లేచింది. నత్తది మెల్లగా, మెల్లగా ఎత్తింది. మంత్రి కొంటెగా కరెంటు తీగ పీకేశాడు. అయినా మూత ఎక్కడిదక్కడే నిలిచింది.

మర్నాడే రాణి కొండ దాటింది. ఇంజను ఎంత చల్లగా ఉందంటే, దాని మీద నెయ్యి పేరుకుంది. కూతురు ఏడు కుండల చారు తాగి, “ఆవకాయ తేలేదా అమ్మా?” అంది.

విమానంలో రాణి పక్క సీట్లో కూర్చుని వచ్చింది నత్త. దారంతా చిప్పలోంచి తల బయట పెట్టలేదని ఉడుత చెబుతుంది గానీ, దాని మాట నమ్మకండి.

కాబట్టి పిల్లలూ, దేన్నైనా అది పనిచేయబోయే చోటనే పెట్టి చూడండి. తన లోటు తానే చెప్పేవాళ్ళ మాట నవ్వకుండా వినండి.