నీళ్ళు నిలిచిన బుట్ట

అనగనగా అనే మాటకు ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో కొండమేడు కోట ఉండేది. ఎంత ఎత్తు కోటంటే, మబ్బులు దాని గోడకు భుజం ఒరుసుకుంటూ పోయేవి. అబద్ధమైతే నా మీసం సగం గొరిగించుకుంటాను. ఏ సగమో మీరే చెప్పండి.

ఆ కోట అడుగున చెరసాల. దానికి పెద్ద భైరవయ్య. ఆయన నడుముకున్న తాళంచెవుల గుత్తి కదిలితే, మూడు ఊళ్ళ అవతల పసిపిల్లలు ఏడుపు మానేసేవారు.

ఆ చెరసాలలో బుట్టలల్లే నాంచారి ఉండేది. నేరమంటారా? ఎవరిదో కోడిపెట్ట కనబడలేదు. కోడి మాయమైతే బుట్టలవాళ్ళను పట్టుకోవడం అప్పటి రివాజు. తర్వాత ఆ కోడి పన్నెండు పిల్లలను వెంటేసుకుని తిరిగొచ్చింది. నాంచారిని మాత్రం ఎవరూ వదల్లేదు.

చెరసాలలో ఒక కుండ, ఒక ముంత. అందరూ ముంతతో తాగేవారు. బుట్టలవాళ్ళు మాత్రం ముంత ముట్టకూడదు. వాళ్ళు దోసిలి పడితే భైరవయ్య అరుగు మీద నుంచి పోసేవాడు. సగం దోసిట్లో, సగం నేలపాలు. దోసిలి పట్టలేకపోతే ఆ పూట నీళ్ళే లేవు.

నాంచారి కూతురు పైడమ్మ కూడా అక్కడే ఉంది. ఒళ్ళు కాలిపోయే జ్వరం. చెయ్యి లేవదు. పెదాలు బీటలు వారాయి. నాంచారి పట్టిన దోసిలి పిల్ల దగ్గరికి చేరేసరికి ఖాళీ అయ్యేది.

నాంచారి మొదటిసారి కావలివాడికి చెప్పింది. “అన్నా, పిల్ల నోట్లో ముంతతో ఒక్క గుక్క పొయ్యన్నా.”

“ముంతెందుకే? వెండి చెంబు తెప్పిస్తాలే, పల్లకీలో!”

రెండోసారి, తనిఖీకి వచ్చిన అధికారికి చెప్పింది. ఆయన భైరవయ్యను పక్కనే నిలబెట్టుకుని, “ఎవరికైనా కష్టముందా?” అని అడిగాడు. అందరూ నేల చూశారు. నాంచారి ఒక్కతే నోరు విప్పింది.

“దీనికి నోరెక్కువ బాబూ,” అన్నాడు భైరవయ్య. అధికారి తలూపి వెళ్ళిపోయాడు. మర్నాడు నాంచారికి దోసిలి నీళ్ళు కూడా పడలేదు.

మూడోసారి నాంచారి ఎవరికీ చెప్పలేదు. అల్లింది.

కోట గాదెలకు ఖైదీల చేతే బుట్టలు అల్లించేవారు. మిగిలిన వెదురు ముక్కలు ఏరి, తలవెంట్రుకను నాలుగుగా చీల్చినంత సన్నగా బద్దలు తీసింది. చిన్న గిన్నె బుట్ట అల్లింది. కాగడాల నుంచి కారిన గుగ్గిలం గీకి లోపల పూసింది. దాన్ని దోసిట్లో దాచి, పైనుంచి పోసే నీళ్ళ కింద పెట్టింది. ఒక్క చుక్క కారలేదు! పైడమ్మ మూడు గుక్కలు తాగి కళ్ళు తెరిచింది.

మూడో రోజు భైరవయ్య కంట పడింది. “ఓహో! వెదురులో నీళ్ళు! రాజుగారికి చూపిస్తే నాకు బంగారు కడియం ఖాయం,” అని లాక్కున్నాడు.

పైడమ్మ నోటి దగ్గరి నీళ్ళు పోయాయి. నాంచారి మాత్రం వెనక నుంచి కేకేసింది.

“నీళ్ళు పోసి మరీ చూపించు దొరా. లేకపోతే ఉత్త బుట్టే అనుకుంటారు.”

భైరవయ్య అలాగే పోసి చూపించాడు. రాజుగారు మూడుసార్లు తిప్పి చూశారు.

“బాగుందయ్యా. కానీ వెదురులో నీళ్ళు తాగాల్సిన గతి ఎవరికి పట్టింది? నా కోటలో ముంతలు కరువా?”

భైరవయ్య నోరు తెరిచాడు. అందులోకి ఒక ఈగ వెళ్ళి, ఊరంతా చూసి తిరిగొచ్చింది.

ఆ బుట్ట అల్లిందెవరో కనుక్కుని నాంచారిని పిలిపించారు. “చెప్పమ్మా,” అన్నారు రాజుగారు.

“ముందు మా పైడమ్మకు ముంతతో నీళ్ళు పంపండి మారాజా. ఆ తర్వాత ఆ తాళాలు బయటికి పంపండి. అప్పుడు చెబుతాను.”

నీళ్ళు వెళ్ళాయి. తాళాలతో పాటు భైరవయ్యా బయటికి వెళ్ళాడు. అప్పుడు నాంచారి చెప్పింది. ఆమె వెనకే చెరసాలంతా చెప్పింది. మూడు పగళ్ళు పట్టింది వినడానికి. భైరవయ్య మళ్ళీ లోపలికి రాలేదు. పైడమ్మ లేచి, విడుదలైన తల్లి వెంట ఇంటికి నడిచింది. ముంత అందరిదీ అయింది.

నాంచారి నూరేళ్ళు బతికి పోయింది. నా లెక్కలో నూట ఇరవై.

ఇప్పటికీ కొండమేడులో ఎవరైనా మొర పెట్టుకోవడానికి వస్తే, ముందు చేతికి ముంత ఇస్తారు. “తాళాలు బయట!” అంటారు. పెత్తనం చేసేవాడు లేచి వెళ్ళాకే అడుగుతారు. అక్కడి బుట్టలవాళ్ళు ఏటా తొలి వెదురుతో ఒక గిన్నె అల్లి, నీళ్ళు పోసి చూస్తారు. కారకపోతే, “నాంచారి చెయ్యి” అంటారు.

కారితే మళ్ళీ అల్లుతారు.