ఆఖరి పాఠం

చిన్న కథే, రెండు ముక్కల్లో తేల్చేస్తాను. మా సర్పంచ్ వీరభద్రయ్య మీసానికి రంగేస్తాడు, ఆ సంగతి మనకెందుకు? దర్జీ కోటమ్మ పంచాయతీ గదిలో ముసలివాళ్లకు ఫేస్‌బుక్ నేర్పుతోంది.

ఎన్నికల ముందు సర్పంచ్ వచ్చి, "ఖాళీ చెయ్యి. నా ఎరువు బస్తాలకు గది కావాలి. కాటికి కాళ్లు చాపినవాళ్లకు ఫోన్లెందుకే?" అన్నాడు.

"కాస్త గట్టిగా చెప్పండి బాబూ, పెద్దవాళ్లకు వినబడదు," అంది కోటమ్మ.

ఆయన గట్టిగా చెప్పాడు. నేర్చుకునేవాళ్లలో సూరమ్మవ్వ అప్పుడే ఫోనెత్తి ఫేస్‌బుక్ లైవ్ పాఠం సాధన చేస్తోంది. ఊరంతా చూసింది. మీసం రంగు కూడా బాగా కనిపించింది.

సాయంత్రం పరిగెత్తుకొచ్చాడు. "ఆ వీడియో తీసేయించు తల్లీ!"

"తీసెయ్యడం ఆఖరి పాఠం బాబూ. గది ఉంటే అక్కడిదాకా వెళ్తాం."

గది ఉండిపోయింది. తనే నేర్చుకుని తీసేస్తానని సర్పంచ్ ముందు వరుసలో కూర్చుంటున్నాడు. ఇంకా మొదటి పాఠంలోనే ఉన్నాడు.