బూరలో రెల్లు నాలుక

రండర్రా, దగ్గరికి రండి. గోనెపట్టా పరిచాను, సర్దుకుని కూర్చోండి. వెనకాల తోసుకోవడం ఆపితే కథ మొదలుపెడతాను.

నల్లకోన అనే అడవి ఉండేది. అందులో అడవిదున్నలు, కొండముచ్చులు, గిజిగాళ్లు, వడ్రంగి పిట్టలు కలిసి బతికేవి. దున్నల దూడలు పగలంతా వాగు అవతల మేసేవి. పొద్దు వాలితే అక్కడికి చిరుతపులి వచ్చేది. అందుకని ఆ వేళకు ఇవతల గట్టు మీద బూర ఊదేవారు. ఆ పిలుపు విని దూడలు వాగు దాటి వచ్చేసేవి.

ఆ బూరను అందరూ కలిసి చేశారు. వడ్రంగి పిట్ట సండ్ర చెట్టు కొమ్మను తొలిచి గొట్టం చేసి, వేళ్లకు ఆరు బెజ్జాలు పెట్టింది. చనిపోయిన పెద్ద దున్న కొమ్మును దాని భార్య దున్నమ్మ ఇచ్చింది. దాన్ని గొట్టం చివర బిగించారు. ఊదే చోట గిజిగాడు రెల్లు కోసి, పల్చగా చీరి, చిన్న నాలుకలా అమర్చాడు.

ఊదడానికి వేళ్లున్నవాడు కావాలి కదా. ఆ పని కొండముచ్చు బిడ్డయ్యకు అప్పగించారు.

రానురాను బిడ్డయ్యకు గర్వం తలకెక్కింది. "నా ఊపిరి, ఆ కొమ్ము. ఈ రెండూ ఉంటే చాలు" అనుకునేవాడు. కొమ్ముకు ఇప్పనూనె రాసి నిగనిగలాడించాడు. నెమలీకలు కట్టాడు. ఒక్క రెల్లు నాలుకే అతని కంట్లో నలుసైంది. ఊదే ముందు దాన్ని నోట్లో నానబెట్టాలి. ఊదాక తీసి తడి నాచులో చుట్టాలి.

"ఇంత బూరకు ఈ గడ్డిపోచేంట్రా గిజిగా? పెళ్లికొడుకు తలపాగాలో చీపురుపుల్ల గుచ్చినట్టుంది."

"అది అలంకారం కాదు మామా," గూడు అల్లుకుంటూనే అన్నాడు గిజిగాడు. "పలికేది అదే. ఎండనిచ్చావా, బూర మూగబోతుంది."

"గుప్పెడు లేవు, నాకు పాఠాలా? నువ్వు ఊదగలవా?"

"ఊదలేను. అందుకే నీకిచ్చాం."

బిడ్డయ్యకు ఆ మాట గుచ్చుకుంది. నాలుకను పీకి బండ మీద పారేశాడు. దాని చోట నున్నటి వెదురు ముక్క దిగ్గొట్టాడు. చూడ్డానికి బాగుంది. సాయంత్రం ఎలాగూ ఊదుతాను కదా అని ఊది చూడలేదు.

ఆ సాయంత్రం మంచు దిగింది. చెట్టుకు చెట్టు కనిపించడం లేదు. దున్నమ్మ ఒక్కగానొక్క దూడ కూడా అవతలే ఉంది. బిడ్డయ్య ఛాతీ విరుచుకుని ఊదాడు. ఉఫ్‌మని గాలి వచ్చింది. మళ్లీ ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నెమలీకలు మాత్రం కదిలాయి.

అవతల చిరుత రంపం కోసినట్టు దగ్గింది.

దున్నమ్మ వాగులోకి దిగబోయింది. "ఎటు పోతావక్కా, దారి కనిపించదు" అన్నాడు బిడ్డయ్య.

"మరి నా దూడ ఎటు రావాలి తమ్ముడూ?"

బిడ్డయ్య గబగబా వంగాడు. బండ మీద తడిమితే రెల్లు నాలుక దొరికింది. ఎండకు చిట్లిపోయి ఉంది. "గిజిగా, తప్పయిపోయింది" అన్నాడు మెల్లగా.

గిజిగాడు దెప్పలేదు. గూట్లోకి దూరాడు. లోపల మెత్తిన తడిమట్టిలో ఇంకో నాలుక గుచ్చి దాచి ఉంచాడు. దాన్ని కరుచుకొచ్చి ఇచ్చాడు. "ముందు నోట్లో పెట్టుకో. పది ఊపిర్లు ఆగు."

"చిరుత వస్తోందిరా..."

"ఆగు మామా. పొడిగా ఉంటే పలకదు."

ఆ పది ఊపిర్లు బిడ్డయ్యకు పది రోజుల్లా గడిచాయి. తర్వాత వెదురు ముక్క పీకేసి, నాలుకను బిగించి ఊదాడు. కోనంతా మోగింది. మంచులోంచి గిట్టల చప్పుడు వినిపించింది. ఒక్కొక్క దూడే వాగు దాటింది. అన్నిటికన్నా చివర దున్నమ్మ దూడ, తొడ మీద గోటి గీతతో, కుంటుతూ వచ్చింది. తల్లి ఆ గాయాన్ని నాకుతూ ఉండిపోయింది.

మర్నాడు అడవి అంతా కూడింది. బూర బిడ్డయ్య చెల్లెలి చేతికి పోయింది. రోజూ రెల్లు నాలుకను కడిగి నాచులో చుట్టే పని బిడ్డయ్యకు మిగిలింది. నెమలీకలు అతనే విప్పేశాడు. వాగు ఒడ్డు రెల్లులో ఇక మూతి పెట్టబోమని దున్నలు మాటిచ్చాయి. అప్పట్నుంచి ఆ రెల్లంతా గిజిగాడిదే. తన పిల్లలు, వాళ్ల పిల్లలు గూళ్లు అల్లుకున్నా తరగనంత.

ఇక లేవండి. ఇళ్లలో అన్నాలు చల్లారిపోతున్నాయి. చేతులు కడుక్కుని కూర్చోండి, తింటూ ఈ ముక్క గుర్తుచేసుకోండి.

నీతి: కంటికి ఆనని చిన్నవాటి మీదే పెద్ద పనులు నిలబడతాయి, వాటిని తీసిపారేసినవాడికి అవసరం వేళ తన బలం కూడా అక్కరకు రాదు.