సుంకులి దాచిన పట్టుగూడు

అనగా అనగా, పట్టుపురుగులు పెంచే ఒక ఊళ్ళో సుంకులి అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుంది. నీలాగే ఒక్కచోట కూర్చోదు. వాళ్ళమ్మ ఓబుళమ్మ పురుగులు పెంచి, అవి కట్టిన గూళ్ళ నుంచి దారం తీసేది.

ఒకసారి, బయట కొనితెచ్చిన గసగసాలంత గుడ్లలోంచి నల్లటి పురుగులు వచ్చాయి. వాటిలో ఒకదాన్ని సుంకులి వేరే చేటలో పెట్టుకుంది. పొద్దస్తమానం దానికి మల్బరీ ఆకు వేసేది.

ఒకనాడు అది తినడం మానేసింది. తల పైకెత్తి కదలకుండా ఉండిపోయింది. చచ్చిపోయిందేమోనని సుంకులికి ఏడుపొచ్చింది.

"ముట్టుకోవాకు. తోలు ఇడుస్తాంది," అంది వాళ్ళమ్మ.

నిజమే. మర్నాటికి పాత తోలు వదిలేసి మళ్ళీ ఆకు మీద పడింది.

ఆ తర్వాత అది బాగా లావెక్కింది. నోట్లోంచి దారం తీసి తన చుట్టూ తానే గూడు కట్టేసుకుంది. అప్పుడు సుంకులి గూటికి చెవి ఆనించి వింది. చప్పుడు లేదు. లోపల పురుగు కాస్తా నోరూ కాళ్ళూ లేని గోధుమరంగు ముద్దయి పడుకుందని ఆ పిల్లకేం తెలుసు? భయమేసింది నాన్నా, నిజంగా భయమేసింది.

మూడో భయం అన్నిటికన్నా పెద్దది. ఓబుళమ్మ పొయ్యి మీద బాన పెట్టింది. పురుగు గూటికి చిల్లి పెట్టుకుని బయటికొస్తే దారం తెగిపోతుంది. అందుకని ముందే, పురుగుతో సహా గూళ్ళని మరిగే నీళ్ళలో వేస్తారు. ముసుగెయ్యకు, విను. ఆ ఇంట్లోకి అన్నం అలాగే వచ్చేది.

అప్పుడు సుంకులి తన గూటిని పావడాలో దాచుకెళ్ళి, ఉట్టి మీది ఖాళీ ముంతలో వేసింది. ఆ రోజు నుంచి అమ్మ చేతులు చూస్తేనే ఆ పిల్లకి వణుకు. అన్నం కలిపి పెడుతున్నా వణుకే.

కొన్నాళ్ళకి, మిట్టమధ్యాహ్నం, ముంతలో ఏదో గీకుతున్న చప్పుడు. ఓబుళమ్మ ముంత దించింది. సుంకులి తలుపు వెనక నక్కింది.

గూటికి చిల్లి పడింది. దాని మీద తెల్లటి రెక్కల పురుగు, తడి రెక్కలు ఆడిస్తూ కూర్చుంది.

ఓబుళమ్మ తిట్టలేదు. కింద కూలబడి చాలాసేపు చూసింది.

"ఇన్నేండ్లు పెంచితి గదమ్మే. దీనికి రెక్కలొస్తాయని విన్యానే గానీ, ఒక్కనాడూ సూడ్లేదు," అంది. అమ్మ గొంతులో కూడా భయం వినిపించింది సుంకులికి.

ఆ రెక్కల పురుగు ఆకు ముట్టలేదు. గుడ్లు పెట్టి, చచ్చిపోయింది. మర్నాడు ఓబుళమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది, తప్పదు మరి. గూళ్ళబుట్ట ఎత్తింది గానీ, బానలోకి వంచేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో నీ కంటి దారి పట్టింది.