గాలికి వచ్చిన వేరు

శరభయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకడం అరుదు, పని దొరకడం మాత్రం ఖాయం. కోపాన్ని జయించడమెలా అని అడిగిన ఒకాయన చేత ఆరు రోజులు చిక్కుపడిన నూలు విప్పించారు. మరణమంటే ఏమిటని అడిగిన పాపానికి నా చేత పాత పాక కప్పంతా దింపించారు. ఇలాంటి గురువుతో వేగడం తేలిక కాదు. మాలో కొందరికి ఒళ్ళు మండేది కూడా. అయినా ఏటా రెండు మూడుసార్లు చింతపల్లి కొండెక్కి ఆయన పాకకు వెళుతూనే ఉండేవాళ్ళం.

ఒక ఆషాఢమాసంలో జోగారావు వచ్చాడు. నర్సీపట్నంలో మందుల కొట్టు ఆయనది. మెత్తని మనిషి. ఆ రోజు మాత్రం వస్తూనే గురువుగారి ముందు కూలబడి ఏడ్చాడు.

ఆయన చెల్లెలు వరహాలుకు రెండేళ్ళ కిందట భర్త పోయాడు. పిల్లలు లేరు. తునిలో జాకెట్లు కుట్టుకుని బతికేది, చేతిలో మంచి పనితనం ఉందని పేరు. పదమూడో రోజు కాగానే జోగారావు ఆమెను తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక నా చెల్లెలు ఒకరి గుడ్డలు కుట్టాల్సిన ఖర్మేమిటని కుట్టుమిషను ఎవరికో ఇచ్చేశాడు. కాలు కింద పెట్టనివ్వలేదు. వంటింట్లోకి వస్తే పొగ అన్నాడు, వీధిలోకి వెళితే ఎండ అన్నాడు. ఇంత చేస్తున్నా ఆమె రోజురోజుకీ చిక్కిపోతోంది. పరీక్షలన్నీ చేయించాడు, ఏ జబ్బూ లేదన్నారు. పెట్టింది పెట్టినట్టు తింటుంది, అడిగితే బాగానే ఉన్నానంటుంది. చూస్తూండగానే మనిషి కరిగిపోతోంది.

"నేను చేసినదాంట్లో లోటెక్కడుందండీ? అది చెప్పండి చాలు. చెల్లెలు నాకు దక్కకుండా పోతుందేమోనని భయంగా ఉంది" అన్నాడు.

ముందు రోజు గాలివానకు పాక పక్కన మద్దిచెట్టు కొమ్మ ఒకటి విరిగిపడింది. దానిమీద ఒక ఆర్కిడ్ మొక్క ఉంది. పట్నంలో ఈ పేరుతో కుండీల్లో అమ్ముతారుగానీ, ఆ కొండమీద అది చెట్ల కొమ్మలను పట్టుకుని తనంతట తాను బతికే మొక్క. తాళ్ళలాంటి తెల్లని వేళ్ళు గాలిలోకి వేలాడుతుంటాయి. గురువుగారు దాన్ని కొమ్మనుంచి నెమ్మదిగా విడదీసి జోగారావు చేతిలో పెట్టారు.

"దీన్ని బతికించి కార్తీకంలో తీసుకురా. అప్పుడు మాట్లాడుకుందాం. ఇది చెట్టుమీద బతికింది నాయనా, మట్టిలో కాదు. అది గుర్తుపెట్టుకో" అన్నారు.

జోగారావు ఆ మాట శ్రద్ధగానే విన్నాడు. విని జాలిపడ్డాడు. పాపం, పుట్టినప్పటినుంచీ దీనికి గుప్పెడు మట్టైనా దొరకలేదన్నమాట అనుకున్నాడు. ఇది ఆయనే తర్వాత నాతో చెప్పాడు, అందుకే రాస్తున్నాను. ఇంటికి వెళ్ళి పెద్ద కుండీలో ఎర్రమట్టి, మాగిన పశువుల పెంట కలిపి నింపాడు. వేళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా లోపల సర్ది కప్పాడు. రెండుపూటలా నీళ్ళు పోశాడు, కొట్లో ఉన్న బలం మాత్రలు నూరి ఆ నీళ్ళలో కలిపాడు. గాలి విసురుకు ఆకులు నలుగుతాయని కిటికీ మూసి, కుండీని లోపల గోడకు ఆనించి పెట్టాడు. నెల తిరిగేసరికి ఒకటి రెండు కొత్త వేళ్ళు మట్టిలోంచి పైకి వచ్చి కుండీ అంచు దాటబోయాయి. రోజూ పొద్దున్నే వాటిని వేలితో మళ్ళీ లోపలికి నొక్కేవాడు.

ఆ గదిలోనే మంచంమీద ఉండే వరహాలు ఒకనాడు అంది. "ఆటిని ఒగ్గీరాదా అన్నియ్యా. గాలికొచ్చినట్టున్నాయి."

"నీకెందుకమ్మా ఆ బెంగ. నువ్వు పడుకో" అన్నాడు జోగారావు.

కార్తీకంలో కుండీని ఒళ్ళో పెట్టుకుని, పక్కన చెల్లెల్ని కూర్చోబెట్టుకుని జీపులో వచ్చాడు. వానలు ఇంకా వదల్లేదు, కొండంతా మంచు. పాకదాకా పాతిక అడుగులుండవు, ఆ కాస్త దూరానికే వరహాలు రెండుసార్లు ఆగింది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. చాపమీద కూర్చున్నాక కూడా ఆమె ఆయాసం తగ్గలేదు. జోగారావు మాత్రం మొక్కను చూపించే ఉత్సాహంలో ఉన్నాడు. ఆకులు నిగనిగలాడుతున్నాయి మరి.

గురువుగారు ఆకుల మొదట్లో పట్టుకుని పైకెత్తారు. బిగించని మూతలా మొక్క ఊడి వచ్చింది. కింద వేళ్ళు లేవు. ఉన్నదంతా కుళ్ళి నల్లబడిన పీచు, దాని వాసన పాకంతా నిండింది.

"ఆకులు పచ్చగానే ఉన్నాయి కదండీ!" అన్నాడు జోగారావు.

"వాటికింకా కబురందలేదు" అన్నారు గురువుగారు.

చెంబెడు నీళ్ళతో మొక్కను కడిగి, చాకుతో కుళ్ళినదంతా కోసేశారు. చివరికి ఒక్క వేరు మిగిలింది, చిటికెన వేలంత. చివర ఆకుపచ్చగా, ప్రాణంతో ఉంది. అది కుండీకీ గోడకూ మధ్య సందులోకి పాకిన వేరు. అటువైపు జోగారావు చూపు వెళ్ళలేదు కాబట్టి దక్కింది. గురువుగారు ఒక మద్దిచెక్క తెచ్చి మొక్కను దానికి ఆనించారు. "దీన్ని కట్టాలి. నా చేతులు వణుకుతాయి. ఎవరికి చేతనవును?" అన్నారు.

నేను లేవబోయేలోగా వరహాలు జరిగి వచ్చింది. పైటచెంగు అంచు పంటితో కాస్త కొరికి ఒక్క లాగు లాగింది. బొటనవేలి వెడల్పు పీలిక, కత్తెరతో కోసినట్టు తిన్నగా వచ్చింది. చెక్కను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, జానతో ఒకసారి కొలుచుకుని, పీలికను మొక్క మొదలు చుట్టూ తిప్పింది. వేరును మాత్రం బయటికే వదిలింది.

"మరీ బిగిత్తే కోసుకుపోద్దండి. ఒదిలితే ఊగిపోద్ది. ఊగితే ఏరు పట్టదు" అంది. ఎవరూ అడగకుండానే అంది. ముఖంలోకి కాస్త నెత్తురు వచ్చినట్టనిపించింది నాకు. గురువుగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

ఇక చివరి ముడి వెయ్యడమే మిగిలింది.

"అయ్యయ్యో, నీకెందుకమ్మా ఈ శ్రమ! ఇలా ఇయ్యి, నేను కడతాను" అంటూ జోగారావు ఆ చెక్కను ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. చెల్లెలంటే ప్రాణం ఆయనకు, అందులో అనుమానం లేదు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

ఆమె కాదనలేదు. వెంటనే ఇచ్చేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గోడకు జారగిలబడింది. జోగారావు మరో మూడు చుట్లు తిప్పి, పైకి నిలబడిన వేరును కూడా జాగ్రత్తగా పీలిక కిందికి తోసి, గట్టిగా ముడి వేశాడు. బయట వాన మళ్ళీ మొదలైంది.

"ఇక బతుకుతుందాండీ?" అని అడిగాడు జోగారావు, చెక్కను పైకెత్తి చూపిస్తూ.

గురువుగారు చెక్క వైపు చూడలేదు. వరహాలు ఒళ్ళో ఉన్న చేతుల వంక చాలాసేపు చూశారు.

"మొక్కదేముంది నాయనా! మళ్ళీ గాలివాన వస్తే ఇంకోటి రాలుతుంది, ఇస్తాను."