చుక్కమ్మ పెట్టిన బొట్టు

అనగనగా ఒక కొండ. కొండకి పడమటి వాలు. వాలు కింద ఒక ఊరు. రాజులు పోయి దొరలు వచ్చిన కాలమో, దొరలు పోయి ఆఫీసర్లు వచ్చిన కాలమో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఆ ఊళ్లో బుట్టలల్లే మేదరి ఓబయ్యకి ఒక్కతే కూతురు. పేరు చుక్కమ్మ.

చుక్కమ్మ పట్నం వెళ్లి అడవి చదువు చదువుతానంది.

"చెట్లు మొలవడానికి చదువెందుకే?" అన్నాడు ఓబయ్య.

"మొలవడానికి అక్కర్లేదు నాయనా, మిగలడానికి కావాలి."

పట్నంలో విశ్వవిద్యాలయం గేటు దగ్గర కాపలావాడు ఆమె చంకలో వెదురుబుట్ట చూసి ఆపాడు. "బుట్టలు సంతలో అమ్ముకో, ఇక్కడ కాదు."

"అమ్మడానికి కాదు, ఇది నా బట్టల పెట్టె. అడవి చదువుకి వచ్చాను."

"చెట్లు మొలవడానికి చదువెందుకమ్మా?"

"మొలవడానికి అక్కర్లేదన్నా, మిగలడానికి కావాలి."

ఏ చెట్టు ఉంచాలో నేర్చుకుంది. ఏ చెట్టు కొట్టాలో నేర్చుకుంది. మొండి గింజని ఎలా మొలిపించాలో నేర్చుకుంది. చదువైంది, ఉద్యోగమొచ్చింది. ఎక్కడో కాదు, సొంతూరి కొండ మీదే.

రేంజరు దొర వాలంతా చూపించాడు. టేకుచెట్లు సంతలో జనంలా తోసుకుంటున్నాయి. కింద వెలుతురు లేదు, ఒక్క కొత్త మొక్క లేదు. ముసలి చెట్లు పోతే కొండ బోడిగుండే.

"మూడు వానాకాలాల్లో ఇక్కడ మొక్క లేవాలి. లేవకపోతే నీ బుట్ట నువ్వు సర్దుకో" అన్నాడు దొర.

చుక్కమ్మ జాజు నూరి వాలెక్కింది. వంకర చెట్టుకి ఎర్రచుక్క పెట్టింది. పుచ్చు చెట్టుకి ఎర్రచుక్క పెట్టింది. పక్కదాని వెలుతురు మింగే చెట్టుకి ఎర్రచుక్క పెట్టింది. కొట్టేవాటికి గుర్తు పెట్టమని చదువులో చెప్పారు. వీటిని కొట్టేస్తే నిటారుగా ఎదిగిన తల్లిచెట్లకి చోటు దొరుకుతుంది, వాటి గింజ రాలి మొక్క లేస్తుంది.

పని ముగిసే వేళకి చలిజ్వరం పట్టుకుంది. గొడ్డలిపని మేస్త్రీ గంగులుని పిలిచి, "చుక్క పెట్టిన చెట్ల సంగతి మీరు చూసుకోండి మామా" అని మంచం ఎక్కింది.

జ్వరం దిగాక కర్ర పట్టుకుని కొండెక్కింది. వంకర చెట్లకి పసుపుగుడ్డలు కట్టి ఉన్నాయి. పుచ్చు చెట్ల చుట్టూ ముళ్లకంచె ఉంది. మొదళ్లలో కొబ్బరి చిప్పలు. తల్లిచెట్లు మాత్రం నేలమీద వరసగా పడుకున్నాయి.

చుక్కమ్మ ఒక మోడు మీద కూలబడింది.

"ఇదేంటి మామా?"

"నువ్వు చూసుకోమన్నావుగా, చూసుకున్నాం" అన్నాడు గంగులు. "బొట్టు పెట్టింది దేవతవుతుంది గానీ కట్టె అవుతుందా అమ్మాయ్? బొట్టు పెట్టి మెడ నరుకుతారా ఎక్కడన్నా?"

"మేకకి పెడతారుగా బావా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నోర్ముయ్యరా. ముందే చెప్పి చావకూడదూ?"

చుక్కమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ మింగేసింది.

"గాలివానకి పడ్డాయని దొరకి చెబుదామమ్మాయ్" అన్నాడు గంగులు.

"గాలి నన్నేం చేసింది, దాని మీద చెప్పడానికి? తప్పు నాది. కొట్టేదానికి బొట్టు పెట్టాను."

దొరకీ అదే మాట చెప్పింది. దొర కళ్లెర్రజేశాడు. "ఇప్పుడు నేనూ అడుగుతున్నా. చెట్లు మొలవడానికి చదువెందుకు?"

మిగలడానికి కావాలని ఈసారి చుక్కమ్మ అనాలంటే, ఏమన్నా మిగిలితేగా!

మిగలకేం, వాగుకి అవతల గొడ్డలి చేరని తల్లిచెట్లు కొన్ని నిలబడే ఉన్నాయి. ఓబయ్య బుట్టలల్లాడు. ఊరి ఆడవాళ్లు కాయలు ఏరారు. టేకు గింజ మొండిది. రాత్రి నీళ్లలో వేసి, పగలు ఎండలో ఆరబోసి, మళ్లీ నీళ్లలో వేసి, మళ్లీ ఆరబోసి, వాలంతా చల్లారు.

మొదటి వానాకాలం వచ్చింది. గడ్డి లేచింది. రెండో వానాకాలం వచ్చింది. ముళ్లపొదలు లేచాయి. చుక్కమ్మ బట్టలు మడిచి బుట్టలో సర్దుకుంది. మూడో వానాకాలం వచ్చింది. దొర వచ్చాడు. వాలు మీద అడుగేయబోయాడు.

"దొరా, కాలు! కాలు తియ్యి!" అని గంగులు కేకేశాడు.

దొర బూటు కింద టేకు మొలక. దాని పక్కన ఇంకోటి. చూసేకొద్దీ వాలంతా మొలకలే. దొర ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు పెట్టే చోటు కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. అడగాల్సిందేమీ మిగల్లేదు. చుక్కమ్మ బుట్టలోని బట్టలు దండెం మీదికెక్కాయి.

ఆమె ఆ కొండ మీదే పనిచేసింది, అక్కడే ముసలిదైంది, పోయింది. విగ్రహం పెట్టలేదు, గుడి కట్టలేదు. ఆ వంకర చెట్లు పసుపుగుడ్డలతో చాలాకాలం బతికాయి. వాటి జోలికి ఆమె కూడా పోలేదు.

ఇప్పటికీ ఆ వైపు గొడ్డలి ఎత్తేముందు ఆడవాళ్లు జాజు గిన్నెతో కొండెక్కుతారు. ఉంచే చెట్టుకే బొట్టు పెడతారు. బొట్టు లేనిదే కొడతారు. దాన్ని చుక్కమ్మ బొట్టంటారు. అడవి చదువు చదివి కొత్తగా ఎవరొచ్చి ఏం చెప్పబోయినా, పేరూ ఊరూ అడక్కముందే ముసలమ్మలు అడిగేది ఒకటే:

"ఉంచేదా, కొట్టేదా? ముందు అది చెప్పు నాయనా."

కథ కొండెక్కింది. మనం కిందికి దిగుదాం. మొలకలుంటాయి, కాలు చూసుకోండి.